రెండు వేళ్ళకు లేచిన ట్రైలరు

మా ట్రైలరు మాటెత్తితే ఊళ్ళో అందరూ దాని ఇరుసు గురించే చెప్పేవాళ్ళు. ఊత్తుకోట రోడ్డులో చింతమానుకు గుద్దుకొని నుజ్జయిపోయిన కారు ఇరుసది. అప్పుడే ఒకర్ని తినింది, రుచి మరిగిన ఇనుము ఊరికే ఉంటుందా అనేవాళ్ళు. నేనూ ఊ కొట్టేవాణ్ణి. ఒకటి కాదు రెండు కాదు, పదేండ్లు ఊ కొట్టినాను. ఇప్పుడా ట్రైలరు లేదు, ఆ మాటలన్న వాళ్ళలో సగం మంది లేరు, నాకూ డెబ్బై దాటినాయి. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. విని తిట్టుకుంటే తిట్టుకోండి, తప్పులేదు.

డెబ్బైల ఆఖర్లో సంగతి. మా ఊరు కనకమ్మ సత్రం దాటి తిరుత్తణి పోయే దారిలో, రోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి పోవాల. వరి, శెనక్కాయ, బావి పక్కన కొంచెం మల్లెతోట. మా నాయన ఎద్దులబండి మనిషి. బండి మీద కూర్చుంటే తప్ప ఆయనకు మాటలు సరిగా వచ్చేవి కావు, నేలమీద ఉన్నంతసేపూ ఊ, ఆ, అంతే. ఒకే ఏడు జత ఎద్దులూ ముసలివై పోయినాయి. కొత్త జత చూద్దామన్నాడు. నేనే వద్దన్నాను. మద్రాసు వేలంలో మిలిటరీవాళ్ళు వదిలేసిన జీపొకటి తోలుకొచ్చినాను. ఇరవై ఎనిమిదేండ్ల వయసు, నాకన్నీ తెలుసు అనుకునే పొగరు. నాయన వారం రోజులు ఆ జీపు వైపు చూడలేదు.

జీపులో బరువు పట్టదు. పంట తోలాలంటే వెనక ఒక తొట్టి కావాల. కొనేది దేనికి, మనమే చేసుకుందామని నేననేసరికి మాత్రం ఆయన మొహం మారింది. బండి కట్టడమంటే ఆయనకు తెలిసిన పని గదా. మూతబడిన టెంటు సినిమా కొట్టాయిలో పీకేసిన ఇనప కమ్ములు తెచ్చినాము. తారు డబ్బాలు చీల్చి సుత్తితో సాగ్గొట్టి అడుగుకు పరిచినాము. పక్కలకు తుమ్మ పలకలు, అవి ఊడదీసుకొనేటట్టు. పలకలు పెడితే మూటలకు, తీసేస్తే ఆయిలింజనుకూ గడ్డికీ, అడ్డంగా బెంచీలేస్తే పెండ్లివాళ్ళకు. అన్నిటికీ పనికొచ్చేటట్టు చేయాల్రా అని నాయన రోజూ ఒక కొత్త ఉపయోగం కనిపెట్టేవాడు. ఆ రెండు నెలలూ ఆయన నాతో మాట్లాడినంత, అంతకు ముందు ఇరవై ఏండ్లలో మాట్లాడలేదు.

ఇరుసు అతికించడానికి తిరువళ్ళూరులో ఇనప పని చేసే పట్టరైకి పోయినాము. అక్కడి వెల్డింగాయన తమిళాయన, గేట్లు, కిటికీ కమ్ములు చేసే మనిషి. ట్రైలరు ఆయనకూ కొత్తే. నడిమధ్యకు కొంచెం వెనగ్గా ఇరుసు పెట్టి గుర్తు గీసినాడు. మా నాయన ఆగమన్నాడు. ఇసక మూటలు ఎత్తించినాడు. మంచి బండికి ఒక పరీక్ష ఉండాది మా ఇండ్లల్లో: నిండా బరువేసినాక కూడా కాడి రెండు వేళ్ళతో పైకి లేవాల. లేవకపోతే ఆ బరువంతా ఎద్దు మెడ మీద ఉన్నట్టు. నాయన, జీపుకు తగిలించే ట్రైలరు నొగ కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తినాడు, లేవలేదు. ఇరుసును బెత్తెడు ముందుకు జరిపించినాడు. మళ్ళీ ఎత్తినాడు. మళ్ళీ బెత్తెడు. మూడోసారికి నొగ పైకి లేచింది.

అక్కడ ఎద్దు లేదు గదయ్యా, జీపు గదా అని వెల్డింగాయన నవ్వినాడు. జీపుకు మాత్రం మెడ ఉండదా అన్నాడు నాయన. నేనూ నవ్వినాను, నాయన చెప్పిన చోటే పెట్టమన్నాను.

ఇంకొక సంగతి చెప్పాల, లేకపోతే తరవాతది అర్థం కాదు. బండి మిట్ట ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పడి కాడి పైకి లేస్తుంది, ఎద్దుకు గొంతు బిగుస్తుంది. అప్పుడు బండిలో మనిషి ముందుకు జరగాల. పల్లం దిగేటప్పుడు బరువంతా మెడ మీదికి వస్తుంది, మనిషి వెనక్కి జరగాల. మా ఇండ్లల్లో పిలకాయలకు లెక్కలు రాకముందే ఇది వస్తుంది. మిట్ట కనబడితే ఎవరో ఒకరు ముందుకు అంటారు, పల్లం కనబడితే వెనక్కి అంటారు. చెప్పేవాడూ ఆలోచించడు, జరిగేవాడూ ఆలోచించడు.

మొదటి బరువు పది మూటల శెనక్కాయ. తిరుత్తణి మండీకి. పొద్దున్నే మా అమ్మ జీపుకు పసుపు పూసి నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. ట్రైలరు చక్రాలకు కాయలు చాలలేదు. చెట్టు దగ్గరికి పోబోయింది. ఇంజను లేనిదానికి నిమ్మకాయలెందుకే, పొద్దెక్కతా ఉంది అని నాయన ఎగతాళి చేసినాడు. అమ్మ నవ్వి ఊరుకుంది. నాయన జీపులో కూర్చోలేదు. వెనక మూటల మీదెక్కి, బండి తోలేవాడి మాదిరి కాలు మడిచి కూర్చున్నాడు.

మా ఊరు దాటాలంటే ఏరికట్ట, అంటే చెరువుకట్ట, ఎక్కి దిగాల. కట్ట ఎక్కేటప్పుడు నాయన తనంతట తానే ముందుకు జరిగినాడు, అద్దంలో చూసినాను. కట్ట మీద బాగానే పోయింది. తూము దగ్గర దారి మలుపు తిరిగి కిందికి దిగుతుంది. నాకు ఖుషీగా ఉండింది, కొంచెం జోరుగానే తోలినాను. పల్లం కనబడగానే, తల కూడా తిప్పకుండా నేనే అన్నాను:

"నాయనా, పల్లం. వెనక్కి జరుగు."

"ఊ" అన్నాడు.

జరిగినాడు. మూటల చివరికంటా పోయి కూర్చున్నాడు. నొగ పైకి లేచి జీపు వెనకభాగాన్ని ఎత్తేసింది. వెనక చక్రాలకు నేల పట్టు తప్పింది. ట్రైలరు ఒకపక్కకు ఊగి, ఇంకోపక్కకు అంతకంటే పెద్దగా ఊగింది. నేను బ్రేకు తొక్కినాను, అది ఇంకా తప్పు. ట్రైలరు నా పక్కకొచ్చి బోల్తా కొట్టింది. మూటలు పగిలి కట్ట వాలంతా శెనక్కాయలు దొర్లినాయి. నాయన తూము రాళ్ళ మీద పడున్నాడు. తిరుత్తణి ఆస్పత్రికి చేర్చేలోపలే అయిపోయింది.

కర్మలన్నీ అయినాక, వంగిన నొగ సరిచేయించడానికి ట్రైలర్ను లారీలో తిరువళ్ళూరుకు తీసుకుపోయినాను. వెల్డింగాయన చాలాసేపు దాని చుట్టూ తిరిగినాడు. మధ్యలో ఎవరో లారీ డ్రైవర్ని పిలిచి చూపించినాడు. ఆ డ్రైవరు చెప్పినాడు: బండి వేరు, ఇది వేరంట. దీనికి ముక్కు బరువుగా ఉండాలంట, కొంత బరువు జీపు మీద పడాలంట, తోక బరువెక్కితే ఊగి ఊగి కొట్టేస్తుందంట. వెల్డింగాయన నా మొహం చూడకుండా, పెద్దాయన ఎక్కడ కూర్చున్నాడని తమిళంలో అడిగినాడు. మూటల చివర్లో అన్నాను. ఆయనే పోయి కూర్చున్నాడా అని అడిగినాడు.

"ఆయనే కూర్చున్నాడు" అన్నాను.

ఆ ఒక్క మాటతో నేను తప్పించుకున్నాను. ఇరుసు రెండు బెత్తెలూ వెనక్కి పెట్టించి, ఊరికి తోలుకొచ్చేసరికి ఇరుసు దయ్యం కథ తయారుగా ఉండింది. నేను దాని వెనక నక్కినాను. మా ఊరోళ్ళ సంగతీ చెప్పాల. దయ్యం బండి అని పక్కకు తప్పుకొని పోయేవాళ్ళే, ఎరువు తోలాలన్నా, కరువులో నీళ్ళ డ్రమ్ములు తేవాలన్నా, పెండ్లికూతురి సామాను దించాలన్నా మా వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్ళు. అప్పుడు దయ్యం గుర్తుకు రాదు. నాయన కోరుకున్నట్టే అది అన్నిటికీ పనికొచ్చింది.

అమ్మకు మాత్రం ఇరుసు మీద కోపం లేదు. ఆమె కోపమంతా తన మీదే. ఆ రెండు కాయలు పెట్టుంటే మనిషి బతికుండేవాడని నమ్మింది. ఆ రోజు మొదలు ట్రైలరు వాకిలి దాటాలంటే ముందు రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టేది. మోకాళ్ళు పట్టేసినాక కూడా, నేలకు చెయ్యి ఆనించి వంగి పెట్టేది. నేను స్టీరింగు పట్టుకొని కూర్చుని చూసేవాణ్ణి. కాయ చితికిన చప్పుడు వినబడుతుంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది, రేపు చూద్దాంలే అనుకునేవాణ్ణి. ఇంతకంటే పిరికితనం ఇంకొకటి ఉండదు.

కట్ట దిగిన ప్రతిసారీ నాకు వెనకనుంచి ఊ అని వినబడేది. పట్టపగలే. వెనక ఎరువుంటుంది, మల్లె బుట్టలుంటాయి, మనిషుండడు. అయినా వినబడేది. నేనేమీ అనకముందే ఊ. ఆ పల్లంలో నేను పదేండ్లు పెదవులు బిగబట్టుకొనే తోలినాను.

ఎనబైల చివర్లో అమ్మ కళ్ళకు పొర కమ్మింది. తిరుత్తణికి తీసుకుపోవాల. అంతవరకు ఆమె ట్రైలరు ఎక్కలేదు, బస్సు రోడ్డుదాకా నడిచేపోయేది. ఆరోజు మోకాళ్ళు మొరాయించినాయి. జీపు ముందు సీటు నిండా మల్లె బుట్టలు. ఆమె తన రెండు నిమ్మకాయలూ పెట్టి, వెనక బెంచీ మీద ముందుకు కూర్చుంది. తూము మలుపు వచ్చింది. అద్దంలో చూస్తే, అమ్మ పలక పట్టుకొని బెంచీ మీద మెల్లగా వెనక్కి జరుగుతా ఉండాది.

జీపు నిలిపేసినాను. దిగి ఆమె దగ్గరికి పోయినాను.

"ముందుకు రామ్మా" అన్నాను.

"పల్లం గదరా" అనింది.

అక్కడే, రోడ్డు మీద నిలబడి అంతా చెప్పినాను. రెండు వేళ్ళ పరీక్ష, లారీ డ్రైవరు చెప్పింది, నేనన్న మాట, తరవాత నేనాడిన అబద్ధం. ఆమె పొరలు కమ్మిన కళ్ళతో తూము వైపే చూస్తా వినింది.

"నువ్వు జరగమన్నాక ఆయనేమన్నాడు?"

"ఊ అన్నాడు."

పలక మీది చెయ్యి తీసేసింది. తరవాత అడిగింది: "రెండు నిమ్మకాయలకు మొగుణ్ణి పోగొట్టుకున్నానని పదేండ్లు ఏడిస్తినే. చూస్తా ఉండినావా?"

"ఉండినాను" అన్నాను.

దించమనింది. దించినాను. నా చెయ్యి విదిలించుకొని, కట్ట మీద ఒక్కతే ఇంటి దారి పట్టింది. ఇరుకు దారిలో ట్రైలరు తిరగదు. దాన్నక్కడే వదిలేసి వెనకాల నడిచినాను. వాకిలిదాకా ఆమె వెనక్కి తిరగలేదు.

మరుసటి రోజు పొద్దున ఎప్పటి మాదిరే సద్ది పెట్టింది, ఊరగాయ వేసింది. రాత్రే పోయి తెచ్చి వాకిట్లో పెట్టిన ట్రైలరు నిండా ఎరువు ఎత్తి జీపెక్కినాను. ఎందుకో దిగి చక్రాల కింద చూసినాను. నిమ్మకాయలు లేవు. అమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతా ఉండాది.

ఇంజను స్టార్టు చేసినాను. ఆపేసినాను. పెరట్లోకి పోయి రెండు కాయలు కోసుకొచ్చి చక్రం దగ్గర వంగినాను.

"వాటితో ఏమీ కాదని నీకు తెలుసు గదరా" అనింది అమ్మ, చేట ఆపకుండానే.

తెలుసన్నాను. రెండో చక్రం కిందా పెట్టి జీపెక్కినాను.