మంత్రగత్తె వేళ్ళు

ఒమాన్‌లో సహం ఊరి నుంచి మస్కట్ వెళ్ళే బస్సులో, మొహానికీ చేతులకూ ఆకుపచ్చ రంగు పూసుకుని, నెత్తిన నల్లటి మొనదేలిన టోపీతో కూర్చున్నాను. హాలోవీన్‌కి ఏటా నాది మంత్రగత్తె వేషమే. కీళ్ళవాతంతో వంకరపోయిన నా వేళ్ళు ఆ ఒక్కరోజు అచ్చంగా అతికినట్టు సరిపోతాయి. అదే నా సరదా.

పక్కసీట్లో మిక్చర్ తింటున్న పెద్దావిడ, యాసను బట్టి మా కోస్తా మనిషే, నా చేతులకేసి చూసింది.

"వేళ్ళు భలే వంకరగా పెట్టావమ్మాయ్!"

"పెట్టడం కాదండీ, కీళ్ళవాతం. పదేళ్ళుగా నొప్పే," అన్నాను నవ్వుతూ.

"నొప్పున్నవాళ్ళు వేషాలేసుకు తిరుగుతారా? పైగా ఆ నవ్వొకటి!"

నా చెయ్యి లాక్కుని, జిడ్డోడుతున్న బొటనవేలితో వేలి కణుపు మీద గట్టిగా నొక్కింది. బస్సంతా తిరిగి చూసేలా అరిచాను.

"అయ్యో, నిజమేనే!" అంది తృప్తిగా. తన వేలికంటిన రంగును నా గౌను అంచుకే తుడిచి, మళ్ళీ మిక్చర్ పొట్లంలో చెయ్యి పెట్టింది.

ఆ తర్వాత కూడా వేషం మాత్రం మానలేదు. బస్సెక్కే ముందు వేళ్ళకు ఇంకో పూత మందంగా పూస్తాను. ఎవరైనా నొక్కి చూస్తే అంటుకునేలా, ఆరనివ్వను.