తుడిచేసిన జబ్బు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు కరువు. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉండే చోట ఆయనకు సన్నటి కుంచె ఉండేది. అందుకని చిన్నా పెద్దా అందరికీ కుంచె మావయ్య అయిపోయాడు. పదేళ్ళు కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు తుడిచాడు. ఒకరోజు యజమాని కొట్టు మూసి, తాళంచెవి జేబులో వేసుకుని, "మంచివాడివి" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. మంచితనాన్ని అద్దె కింద జమకట్టుకునే ఇంటివాడు ఎక్కడా ఉండడు కదా. పాత సామాన్ల కొట్లోంచి పాడైన కంప్యూటర్లు తెచ్చుకుని, చిత్తుకాగితాల కట్టల్లో దొరికిన మాన్యువల్ పుస్తకాలు చదువుకుని, విప్పుతూ బిగిస్తూ ఆ పని నేర్చుకున్నాడు. గురువు లేడు, సర్టిఫికెట్ లేదు. ఒక బల్ల, ఒక దీపం, నాలుగు స్క్రూడ్రైవర్లు, ఆ కుంచె. అంతే కొట్టు.

ఆయన పద్ధతి వేరు. ఎవరు లాప్‌టాప్ తెచ్చినా ముందు కబుర్లు వినడు. బోర్లా తిప్పి, అడుగు మూత విప్పి, దుమ్ము దులిపి, ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే తుడుస్తాడు. ర్యామ్ ముక్క ఊడదీసి, దాని బంగారు పళ్ళని బడిపిల్లల రబ్బరుతో రుద్ది, మళ్ళీ టక్కున కూర్చోబెడతాడు. అప్పుడు స్విచ్చి వేసి, "ఇప్పుడు చెప్పండి, ఏంటి బాధ?" అంటాడు. సగం కేసుల్లో బాధ అక్కడికే పోయి ఉంటుంది. "జబ్బుల్లో సగం దుమ్మే" అన్నది ఆయన సిద్ధాంతం. డాక్టరు చెయ్యి పడగానే జ్వరం దిగినట్టు, ఆయన చెయ్యి పడగానే మొండి యంత్రాలు కూడా బుద్ధిగా లేచి కూర్చునేవి.

సొంత మరదలి లాప్‌టాప్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ చేతి మహిమ బెడిసికొట్టింది.

మరదలిది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. ముందుగదిలో పెద్ద కుట్టుమిషను, దానికి వైరుతో తగిలించిన లాప్‌టాప్. డిజైను లాప్‌టాప్‌లోంచి కుట్టు కుట్టుగా మిషనుకి వెళ్తుంది. కుట్టు మధ్యలో లాప్‌టాప్ ఆగిందా, సూది దారి తప్పుతుంది, ఆ గుడ్డ మసిగుడ్డకు తప్ప పనికిరాదు. ఆ లాప్‌టాపేమో నెల రోజులుగా ఉన్నట్టుండి నీలం తెర వేసి, ఏదో ఇంగ్లీషు ముక్క మొహాన కొట్టి, తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవుతోంది.

మూడుసార్లు బావ కొట్టుకు వచ్చింది. మొదటిసారి డ్రైవర్లు మార్చాడు. రెండోసారి విండోస్ మొత్తం కొత్తగా ఎక్కించాడు. మూడోసారి హార్డ్‌డిస్కే మార్చాడు. ప్రతిసారీ కొట్లో రెండేసి రోజులు ఆపకుండా నడిపి చూశాడు. పట్టుపురుగులా మెత్తగా, నోరెత్తకుండా నడిచేది. ఇంటికి వెళ్ళిన మూడోనాడో నాలుగోనాడో మళ్ళీ నీలం తెర. ఇంటర్నెట్‌లో వెతికితే సలహాలకు కొదవలేదు. ఈ పది పనులూ చెయ్యండి, తగ్గకపోతే కొత్తది కొనుక్కోండి అని రాసి ఉంది. ఆ పదకొండో సలహా ఇవ్వడానికి అంత చదువు ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

నాలుగోసారి బుధవారం పొద్దున్నే వచ్చింది మరదలు. వెనకాలే ఆమె భర్త, సిటీ బస్సు డ్రైవరు. ఆ రోజు అతనికి సెలవు.

"బావా, శనివారం బడిలో ఆటలపోటీలు. తొంభై బ్యాడ్జీలు ఇవ్వాలి. ముప్పై అయ్యాయి. పదకొండు పాడయ్యాయి. శుక్రవారం సాయంత్రానికి ఇస్తే ఏడాది పొడుగునా యూనిఫాంల పని నాకే ఇస్తానన్నారు. ఇవ్వకపోతే ఫ్యాక్టరీ వాళ్ళకి వెళ్ళిపోతుంది" అంది ఒక్క ఊపిరిలో.

"కూర్చో. చూస్తాను" అంటూ ఆయన చెయ్యి జేబు దగ్గరకు పోయింది.

మరదలు చటుక్కున ఆ కుంచె లాగేసుకుంది.

"ముట్టుకోకు!"

"అదేంటే?"

"నువ్వు తుడుస్తావు, అది నవ్వుతుంది. ఇంటికి తీసుకెళ్తాను, అది ఏడుస్తుంది. నీ దగ్గర పెళ్ళిచూపుల పిల్లలా కూర్చుంటోంది బావా ఇది. దీని అసలు రంగు నీకు కనపడట్లేదు."

"ఎదురుగా ఆ అద్దాల తలుపుల కంప్యూటర్ షాపులో అడిగాం అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు, నవ్వు ఆపుకుంటూ. "మూత కూడా తియ్యకుండా మదర్‌బోర్డు పోయిందన్నాడు. జాతకం చూసినట్టు చూశాడనుకో."

"వాడికి ఏసీ ఉంది, ఏమైనా చెప్తాడు."

"నీకు కుంచె ఉంది, నువ్వేమీ చెప్పట్లేదు" అంది మరదలు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ గెలిచి మరదలి దగ్గర ఓడిపోవడం కన్నా అవమానం లేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నా కొట్లో ఒక్కసారైనా ఆగితే కదా నాకు తెలిసేది!"

"డిపోలో నిలబెడితే ఏ బస్సుకీ రోగం ఉండదన్నయ్యా" అన్నాడు తోడల్లుడు. "మా మెకానిక్కి ఎంత చెప్పినా వినడు. షెడ్డులో ఇంజను వేసి, బ్రహ్మాండంగా ఉంది పో అంటాడు. గుంటల్లో పడ్డాకే కదా దాని ఎముకలు కటకటలాడేది. రోడ్డు మీదకి వచ్చి నా పక్కన కూర్చో అంటాను. రాడు."

అది ఎగతాళికి అన్నమాటే. కానీ కుంచె మావయ్య దానికి నవ్వలేదు. లాప్‌టాప్ వంక కాసేపు చూసి, లేచి, కొట్టు షట్టరు కిందికి లాగాడు. పనిరోజున ఆ షట్టరు దిగడం చూసి పక్క జిరాక్సు కొట్టాయన కంగారుగా, "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగాడు.

మరదలి ముందుగదిలో ఒకే పొడుగాటి బల్ల. ఈ చివర మిషను, ఆ చివర లాప్‌టాప్. బల్ల నిండా దారపు ఉండలు, కత్తెరలు, ఫ్రేములు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, మ్యూజియంలో బడిపిల్లాడిలా. లాప్‌టాప్ కీల సందుల్లో ఎర్రదారపు నూగు కనిపిస్తోంది. ఆయనకు వేళ్ళు జిలపెట్టాయి.

"చూపుతో కూడా తుడవకు" అంది మరదలు.

బ్యాడ్జీ మొదలుపెట్టింది. దడదడదడమని మిషను అందుకుంది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. మొదటి బ్యాడ్జీ బయటికొచ్చింది. రెండోది సగంలో ఉండగా తెర నీలంగా మారిపోయింది.

"వచ్చిందే!" అని కుంచె మావయ్య చప్పట్లు కొట్టాడు.

"పన్నెండోది పాడైతే పండగలా ఉందా నీకు?"

"ఉంది! నెల రోజులుగా మొహం చాటేసినవాడు ఇవాళ గుమ్మంలోకి వచ్చాడు. ఆగినప్పుడల్లా తెరని ఫోటో తీశావా?"

తీసింది. ప్రతిసారీ తెర మీద పడ్డ పేరుని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆయన ఒక్కోసారి ఒక్కో పేరు విని దానికి తగ్గ మందు వేశాడే గానీ, అన్నీ ఒకచోట పెట్టి చూడలేదు. పన్నెండుసార్లలో ఏడు రకాల పేర్లు. ఒకసారి డ్రైవరంటుంది, ఒకసారి డిస్కంటుంది, ఇంకోసారి విండోస్ లోపలి ఫైలంటుంది.

"అడిగినప్పుడల్లా కొత్త పేరు చెప్పేవాడు దొంగైనా అయ్యుండాలి, మతిమరుపువాడైనా అయ్యుండాలి" అన్నాడు ఆయన. "మెమరీ తప్పు. ర్యామ్."

"అది నువ్వు మూడుసార్లు పరీక్ష చేశానన్నావుగా?"

"చేశాను. పాసైంది. నా కొట్లో పాసైంది."

పెన్‌డ్రైవ్ తీసి ర్యామ్ పరీక్ష మొదలుపెట్టాడు. పావుగంట గడిచింది. తప్పులు సున్నా. తోడల్లుడు ఆవులించాడు.

"ఇప్పుడు మిషను నడుపు."

"లాప్‌టాప్ నీ పరీక్షలో ఉంటే డిజైను ఎక్కణ్ణించి వస్తుంది?"

"మిషనులోనే పరీక్ష కుట్టు ఒకటి ఉంటుందిగా, ఖాళీ గుడ్డ మీద పువ్వు కుడుతుందే, అది."

మరదలు బటన్ నొక్కింది. దడదడ మొదలై నిమిషం కాలేదు, నల్లటి తెర మీద తప్పుకొకటి చొప్పున ఎర్రటి గీతలు వరసకట్టాయి. ఐదు, పదహారు, నలభై.

"ఆపు!"

మిషను ఆగింది. గీతలు ఆగాయి.

"నడుపు!"

మిషను కదిలింది. గీతలు కదిలాయి.

"మళ్ళీ ఆపు! మళ్ళీ నడుపు!" అని ఆ పెద్దమనిషి గదిలో గెంతుతుంటే, తోడల్లుడు బస్సు ఆపే కండక్టరులా నోటితో ఈల వేశాడు. ముగ్గురూ కలిసి ఇంకో నాలుగుసార్లు ఆపి, నడిపి చూశారు. అందులో మొదటి రెండుసార్లు పరీక్ష కోసం. తక్కినవి సంతోషం కోసం.

లాప్‌టాప్ ఆపి, బోర్లా తిప్పి, మూత విప్పాడు. ఈసారి ఊదలేదు, తుడవలేదు. దీపం దగ్గరగా పట్టి వంగి చూశాడు. ర్యామ్ ముక్కను అటూ ఇటూ పట్టుకునే రెండు సన్నటి లోహపు చేతుల్లో ఒకటి వంగిపోయి ఉంది. ఆ పక్కన ముక్క వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. ఆయన ఒక్కసారిగా స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏమైంది బావా?"

"మూడుసార్లు నా కళ్ళ ముందే ఉందే ఇది. నేను మూత తియ్యగానే ఇది ఊడదీసి, రుద్ది, మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టేవాణ్ణి. అప్పుడు స్విచ్చి వేసేవాణ్ణి. బాగానే ఉండేది. ఎందుకు ఉండదు? నీ దగ్గరకొచ్చి ఈ బల్ల మీద మూడురోజులు ఊగాక మళ్ళీ పైకి జరిగేది. జబ్బు చూడకుండానే జబ్బు తుడిచేశాను. మందేమో డ్రైవర్లకీ డిస్కుకీ వేశాను."

ముందు మరదలు నవ్వింది. ఆ నవ్వు చూసి తోడల్లుడు, వాళ్ళిద్దర్నీ చూసి ఆయన. కడుపు పట్టుకుని నవ్వారు.

"అంటే నా పన్నెండు బ్యాడ్జీలూ..."

"నా శుభ్రతే మింగేసింది. ఒప్పుకుంటున్నాను."

"అక్క ముందు కూడా ఒప్పుకుంటావా?"

"నీ బ్యాడ్జీలు అయిపోనీ. తర్వాత ఏ శిక్షైనా వెయ్యి."

పక్కనే ఇంకో ఖాళీ గాడి ఉంది. దాని చేతులు రెండూ గట్టివి. ముక్కను అందులో పెట్టి, వేలితో రెండుసార్లు ఊపి చూశాడు. వంటింట్లోంచి ఎత్తు స్టూలు తెప్పించి, దాని మీద దుప్పటి మడిచి, లాప్‌టాప్‌ని బల్ల నుంచి వేరుచేసి అక్కడ పెట్టాడు. పరీక్ష మళ్ళీ మొదలైంది. పక్కన మిషను గంటసేపు ఖాళీ గుడ్డ మీద పువ్వుల మీద పువ్వులు కుట్టింది. ఒక్క ఎర్రగీత లేదు.

"ఇప్పుడు కావాలంటే తుడుచుకో బావా" అంది మరదలు జాలిపడి, కుంచె చేతికిస్తూ.

ఆయన దానివంక అనుమానంగా చూశాడు. "వద్దు. నడుస్తున్నదాన్ని కదపకు."

బుధవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం సాయంత్రం దాకా మిషను తిన్నగా నడిచింది. బ్యాడ్జీ బయటికి వస్తే అయిపోయినట్టు కాదు. ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి దూకిన దారాలన్నీ వెనకవైపు వేలాడుతుంటాయి. వాటిని గుడ్డ తెగకుండా, ముడి ఊడకుండా మొదలంటా కత్తిరించాలి. ఆ పని కుంచె మావయ్య అందుకున్నాడు. కళ్ళజోడు ముక్కు మీదకు జార్చి, చిన్న కత్తెరతో ఒక్కొక్క దారం వెతికి వెతికి తీశాడు. తోడల్లుడు ఒకటి పూర్తిచేసేలోపు ఆయన మూడు. ఆస్పత్రిలో డ్యూటీ దిగి నర్సు యూనిఫాంలోనే వచ్చిన ఆయన భార్య గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. అప్పటికే చెల్లెలు ఫోన్లో కథంతా చెప్పేసింది.

"మా ఆపరేషన్ థియేటర్లో కుట్లు విప్పడానికి మనిషి కావాలిట. వస్తారా?"

"మీ పేషెంట్లు కూడా ఊగుతారా?"

"మీరు వస్తే పారిపోతారు. ముందు తుడిచేస్తారని."

శుక్రవారం ఐదింటికి బడి ఆటల మేడమ్ వచ్చింది. అట్టపెట్టె తెరిచి, ఒక బ్యాడ్జీ తిప్పి వెనకవైపు చూసింది. ఇంకోటి తిప్పింది. మరో ఐదు తిప్పింది.

"ఇదెవరు కత్తిరించారు? ముందేదో వెనకేదో తెలియట్లేదు."

"మా బావ" అంది మరదలు.

"ఏం చేస్తుంటారు?"

"లాప్‌టాప్‌లు బాగుచేస్తాడు."

మేడమ్ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, "అదెందుకండీ మీకు?" అంది. తర్వాత మరదలి వైపు తిరిగి, "సోమవారం వచ్చి కొలతలు తీసుకోండి. నాలుగొందల చొక్కాలు. ఈయన కూడా ఉంటారుగా?"

"ఉంటాడు" అంది మరదలు.

"నన్ను అడగవా?" అన్నాడు కుంచె మావయ్య.

"పన్నెండు బ్యాడ్జీలు బాకీ ఉన్నావు. నిన్ను అడిగేదేంటి?"

ఆయన ఏదో అనబోయి, మేడమ్ చేతిలో ఉన్న ఏడో బ్యాడ్జీ అంచున పొడుచుకొచ్చిన దారం కనపడి, "ఒక్క నిమిషం, అది ఇలా ఇవ్వండి" అని కత్తెర అందుకున్నాడు.