మైనస్ వయసు పేషంటు, చిన్న గ్రంథి

1999 అక్టోబరు మొదట్లో నేను సిడ్నీ పశ్చిమాన ఒక పెద్దాసుపత్రిలో, ఎంఆర్ఐ విభాగంలో రేడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. హోదా స్టాఫ్ స్పెషలిస్టు. ఫిల్ము చదివి సంతకం పెట్టే బాధ్యత నాది. దాన్ని నమ్మే బాధ్యత మాత్రం ఎవరి మీదా పెట్టలేదు.

పురీషనాళంలో క్యాన్సర్ వస్తే ఆపరేషన్‌కి ముందు గడ్డ ఒక్కదాన్నే చూస్తే చాలదు. చుట్టూ కొవ్వులో ఉండే లింఫు గ్రంథుల్లోకి జబ్బు పాకిందా అన్నది తేల్చాలి. పాకితే ముందు రేడియేషన్, తరువాత కత్తి. పాకకపోతే నేరుగా కత్తే. అప్పట్లో తేల్చే పద్ధతి కొలతే: గ్రంథి పెద్దదైతే చెడ్డది, చిన్నదైతే మంచిది. మా సర్జన్ గ్రెగ్ జేబులో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ స్కేలు ఉండేది. స్టెతస్కోపు మరిచిపోయిన రోజులున్నాయి గానీ స్కేలు మరిచిన రోజు లేదు.

ఆ వారం వచ్చిన పేషంటు సుబ్బారావుగారు. తెనాలి మనిషి, హారిస్ పార్క్‌లో మిఠాయి కొట్టు. దీపావళి నెల రోజుల్లోకి వచ్చేసింది.

"డాక్టరమ్మా, గ్రెగ్ ఈ ఫ్రైడేకే ఆపరేషన్ ఫిక్స్ చేశాడు. దీపావళికి కొట్లో కుర్చీ వేసుకుని కూర్చోవాలి నేను. మీరు మాత్రం కొత్త మెలిక పెట్టకండి."

పేగు కదిలితే బొమ్మ చెదురుతుంది. అందుకని దాన్ని కాసేపు నెమ్మదింపజేసే ఇంజెక్షన్ ఇచ్చి, సంకేతాలు పట్టే కాయిల్‌ని నడుము చుట్టూ కట్టాం.

"ఇందులో రాముణ్ణి తలుచుకోవచ్చా?" అన్నారాయన, సొరంగంలోకి వెళుతూ.

"పెదవులు కదపండి, నడుము కదపకండి" అన్నాను.

నేనూ ప్రతి ఫిల్మూ బిస్మిల్లా అనుకునే చదువుతాను. యంత్రాన్ని తిడుతున్నానని గ్రెగ్ చాలాకాలం అనుకున్నాడు. ఆయన కత్తి పట్టినప్పుడు కూడా ఆ పేషంట్ల కోసం అదే చదువుతానని చెబితే, ఇంకాస్త గట్టిగా చదవమన్నాడు.

వారానికోసారి సర్జన్లు, రేడియేషన్ డాక్టర్లు, మేము కూర్చుని ఫిల్ములు చూసే మీటింగు ఉండేది. సుబ్బారావుగారి ఫిల్ము లైట్ బాక్సు మీద పెట్టగానే గది గొల్లుమంది. స్కాన్‌కి ముందు రోజు, కొత్త శతాబ్దపు తేదీకి కంప్యూటర్లు తడబడతాయేమోనని చూసే వైటూకే బృందం వచ్చి యంత్రం గడియారాన్ని రెండువేల సంవత్సరానికి తిప్పి పరీక్షించింది. అది వెనక్కి జారి 1900 దగ్గర కూర్చుంది. సరిచేయకుండా, మాకు చెప్పకుండా వెళ్లిపోయారు. ఫిల్ము మూల పేషంటు వయసు: మైనస్ నలభై మూడు.

"సమీరా, మీ వాడింకా పుట్టలేదట. పుట్టాక కోద్దామా?" అన్నాడు గ్రెగ్. నేనూ నవ్వాను. ఆయన స్కేలు తీశాడు. "అన్నీ చిన్నవే. క్లీన్. ఫ్రైడే."

"ఆ చిన్నదాని అంచు చూడండి. గీత గీసినట్టు లేదు, సిరా ఊరినట్టుంది. లోపల కూడా ఒకే రంగు లేదు. పక్కదీ అలాగే ఉంది."

"అర సెంటీమీటరు కూడా లేదు, మేట్. మనిషి వయసే తెలియని యంత్రం గ్రంథి గుణం చెబుతుందా?"

"వయసు చెప్పింది గడియారం. గ్రంథిని చూసింది అయస్కాంతం. వాళ్లిద్దరికీ మాటల్లేవు."

పదో తరగతి దాకా నాకు బడి లేదు. కర్నూలులో మా ఇంటి వరండాలోనే అబ్బా చదువు చెప్పారు. పేజీ త్వరగా నిండాలని పెద్ద పెద్ద అక్షరాలు రాసేదాన్ని. ఆయన సైజు చూసేవారు కాదు, గీత ఎక్కడ చెదిరిందో చూసేవారు. ఆయన దయవల్ల ఆ అలవాటు నాకూ అంటింది.

ఫిల్ము మీద వివరాలు తప్పుంటే స్కాన్ మళ్లీ తీయాలన్నది నియమం. గడియారం సరిచేయించి మళ్లీ తీశాను. పేషంటు వయసు తొంభై తొమ్మిదేళ్లు పెరిగింది. గ్రంథి అంచు మాత్రం మారలేదు. రేడియేషన్ డాక్టరు నా మాటే సరైందంది. గ్రెగ్ ఫ్రైడేని వదులుకున్నాడు.

సుబ్బారావుగారు వదలలేదు. "మెలిక పెట్టొద్దన్నానా లేదా? ఏమీ లేకపోతే నా దీపావళి ఎవరిస్తారు?"

ఏమీ లేకపోతే అక్కరలేని రేడియేషన్ ఆయన ఒంట్లోకి పంపినదాన్ని నేనే అవుతాను. ఆ రోజులన్నీ నమాజులో నా దువా ఒక్కటే: తప్పయితే నాకు తెలియాలి, ఒప్పయితే ఆయన బతకాలి.

వారం రేడియేషన్, వెంటనే ఆపరేషన్. తీసిన ముక్కను పెథాలజిస్టు పలచగా కోసి, నా ఫిల్ముతో పోల్చి చూశాడు. నేను చూపిన రెండింటిలో ఒకదాంట్లో క్యాన్సర్ ఉంది. రెండోది ఉత్త అమాయకురాలు.

"సగం మార్కులు" అన్నాడు గ్రెగ్. "వాతావరణం చెప్పేవాళ్లకన్నా నయం."

"మీ స్కేలుకి సున్నా."

సుబ్బారావుగారు దీపావళికి మంచం మీదే ఉన్నారు. కొట్టు వాళ్లావిడ నడిపింది. "నాకన్నా బాగా నడిపిందమ్మా, అదే నొప్పి" అని ఆ తరువాత చెకప్‌కి వచ్చిన ప్రతి ఏడూ చెప్పారు. అలా చెప్పగలిగినన్ని ఏళ్లిచ్చినందుకు అల్లాకి షుక్రియా. నేను తప్పు చదివిన ఆ రెండో గ్రంథికి కూడా. అది లేకపోతే నా తలకి పొగరెక్కేది.

గ్రెగ్ స్కేలు జేబులోనే ఉంచుకున్నాడు. తీసేముందు మాత్రం అంచు ఎలా ఉందని అడగడం మొదలుపెట్టాడు. నేను తెలుసుకున్నది ఇదీ: గ్రంథిని పరిమాణంతో తేల్చకూడదు, అంచూ లోపలి రంగూ చూడాలి. చూశాక కూడా రిపోర్టులో అనుమానమే రాయాలి, తీర్పు పెథాలజిస్టుకి వదలాలి.