నల్లరాళ్ల చెలకల పాడుబాయి

దయ్యాలు, శకునాలు అని నా ముంగట మాట్లాడితే నాకు మస్తు కోపమొస్తది. సిద్దిపేటల ఒక బడిల సోషల్ చెప్త. పటంల లేనిది లేనట్టే అని పిల్లలకు చెప్పేటిదాన్ని. ఇప్పుడు ఆ మాట అంటలేను.

మాది వేములఘాట్. మల్లన్నసాగర్ నీళ్ల కింద మునిగింది. మా మల్లేశన్న మిలిట్రీల ఉంటడు, కారకోరం మంచుకొండల మీద డ్యూటీ. కారకోరం అంటే నల్లరాళ్లని అర్థం. గాడ శానా శిఖరాలకు పేర్లే లేవు, సర్వేవాళ్లు పెట్టిన నంబర్లే. మావోడు ఊకుంటడా? తనకు కనబడే కొండలన్నిటికీ మునిగిపోయిన మా ఊరి చెలకల, అంటే మెట్టపొలాల, పేర్లు పెట్టిండు. పుట్టచెలక, తాళ్లకట్ట, నల్లరాళ్ల చెలక. తోటి సిపాయిలు గూడ అట్లనే పిలుస్తున్నరట.

సెలవులకొచ్చినప్పుడు బాపు వాళ్లమ్మకు, మా బాపమ్మకు, ఫోన్ల ఆ ఫోటోలు చూపించిండు. ఆమెకు చూపు ఆనది. పేర్లు మాత్రం విన్నది.

"నల్లరాళ్ల చెలకల ఈశాన్యం మూలకు పోకు కొడుకా. గాడ పాడుబాయి ఉన్నది. మీరు పుట్టకముందే కట్టెలు అడ్డమేసి మట్టి కప్పిన్రు," అన్నది.

"అది చెలక గాదే ముసల్దానా, మంచుకొండ!" అన్నడు మల్లేశన్న. కడుపుబ్బ నవ్వినం. ఆమె నవ్వలే. చెయ్యి పట్టుకొని ఒట్టేయించుకున్నది.

నెల రోజులకు అన్న ఫోన్ చేసిండు. నలుగురు నడుములకు తాడు కట్టుకొని ఆ కొండ పక్కపొంటి పోతున్నరట, ముందు తనే. ఈశాన్యం దిక్కు మలుగంగ ఒట్టు యాదికొచ్చిందట. నవ్వుకుంటనే కట్టెతోని ముంగట పొడిచి చూసిండట. కట్టె జర్రున దిగబడ్డది. పైమంచు కూలింది. కింద అడుగు కనబడని చీలిక.

బాపమ్మకు చెప్తే, "చెప్తి గద," అని జొన్నరొట్టె తినుకుంట కూసున్నది.

నేను ఊకోలే. ఊరి పాత నక్ష, భూముల పటం, సంపాదించిన. ఆ చెలక ఈశాన్యం మూలకు బాయి గుర్తున్నది. అది పెద్ద ముచ్చట గాదు, మన దిక్కు బాయి ఈశాన్యంలనే తవ్వుతరు. మరి మంచు గూడ గాడనే ఎందుకు పగిలింది? మంచు కదులుతది, ఏడనన్న పగులుతదని పిల్లలకు చెప్పేది నేనే. గంతే అనుకోవచ్చు. అనుకోబుద్ధి అయితలేదు.

ఆఖరికి నోట్‌బుక్కు పట్టుకొని బాపమ్మ దగ్గర కూసున్న. ఒక్కో పేరు నేను చదివితే, ఏడ గుంత, ఏడ ఊబి అని ఆమె చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాసి అన్నకు పంపుకుంట పోయిన. తాళ్లకట్ట కాడికొచ్చేసరికి, "అలిసిన బిడ్డా, రేపు చెప్త," అన్నది.

తెల్లారి ఆమె లేవలే. ఆమె కోసం ఏడ్చిన, అన్న కోసం గూడ ఏడ్చిన.

బాపును అడిగితే తాళ్లకట్ట ముచ్చట తనకు యాదికి లేదన్నడు. నిన్న అన్న ఫోన్ చేసిండు.

"వచ్చే వారం తాళ్లకట్ట దిక్కు పోయేదున్నది. గాడ ఏమున్నదే చెల్లె?"

నక్ష ముంగటేసుకొని చూసిన. ఆ చెలక ఖాళీగ ఉన్నది. ఒకప్పుడైతే "ఏం లేదన్నా, పో" అనేదాన్ని.