పొరుగు దిష్టి

మా పక్క క్వార్టర్ అక్క పోయిన సోమవారం పొద్దున హన్మకొండ దవాఖానలో చనిపోయింది. గుండెపోటు. ముందురోజు సాయంత్రం భూపాలపల్లి నుంచి అంబులెన్సులో తీసుకుపోతుంటే నన్ను దగ్గరికి పిలిచి, "బొగ్గోనికి నీళ్లు పెట్టు చెల్లె. వాడు అడగడు" అన్నది. నాతో ఆమె ఆఖరి మాట అదే. బొగ్గోడు ఆమె కుక్క. మా ఆయన ఫోన్ పెట్టేసి వార్త చెబుతుండగానే మా కుక్క బ్రూనో లేచి పోయి వాళ్ల గేటు ముందు పడుకున్నాడు. నాకు ఏడుపు రావాల్సిన చోట కడుపుమంట వచ్చింది. మనిషి పోయిన పూట కూడా నా కుక్క ఆమె గుమ్మానికే పోవాలా అనుకున్నాను.

సిగ్గుపడాల్సిన సంగతే. అయినా ఆ మంటను దాచిపెట్టి అక్క గురించి రాస్తే అది అబద్ధమవుతుంది. ఆమెతో నేను ఇప్పటికే రెండు అబద్ధాలు ఆడాను. మూడోది వద్దు.

మావి గని కార్మికుల క్వార్టర్లు. అక్కవాళ్లది వరుసలో చివరిది. అటువైపు ప్రహరీ గోడ, గోడ వెనక బొగ్గు లారీల రోడ్డు. కాబట్టి ఆమెకు ఇరుగు నేనే, పొరుగూ నేనే. నేను చిల్పూర్ పిల్లను. జనగామలో డిగ్రీ చదివాను. మా ఆయన గని ఆఫీసులో గుమాస్తా. ఆమెది మహబూబాబాద్ దగ్గర పల్లె, చదివింది ఏడో తరగతి, భర్త గనిలోకి దిగే మనిషి. ఈ లెక్కన నేనొక మెట్టు పైన ఉన్నాననుకునేదాన్ని. కుక్కలు వచ్చేదాకా ఆ మెట్టు మీదే హాయిగా కూర్చున్నాను.

బ్రూనో జాతికుక్క. బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు మాకు ఇచ్చిపోయాడు. బొగ్గోడు లారీ కింద దొరికిన కుక్కపిల్ల. అక్క వాణ్ని కొంగులో చుట్టుకొచ్చి కడిగితే మూడు బకెట్ల నల్లనీళ్లు పోయాయట గాని నలుపు మాత్రం పోలేదట. అందుకే ఆ పేరు. ఆఫీసరు భార్య బ్రూనోతో పాటు కుక్కల తిండి సంచి ఒకటి ఇచ్చి, "అన్నం అలవాటు చేయకండి" అని మరీ మరీ చెప్పింది. మా వరుసలో అలాంటి సంచి దిగిన మొదటి ఇల్లు మాది. వచ్చేపోయేవాళ్లకు కనబడేలా దాన్ని వరండాలో పెట్టాను.

అక్క వచ్చి సంచి మీద బొమ్మను చూసింది. "గీ కుక్క ఎవలిది? నౌకరి ఉన్నట్టుంది, మంచిగ దువ్వుకున్నది" అన్నది. నేను ఇంగ్లీషులో ఉన్నదంతా చదివి తెలుగులో వివరించాను. మాంసకృత్తులు ఇన్ని, కొవ్వు ఇంత, వెంట్రుకలకు మెరుపు అని. బుద్ధిగా విన్నది. విని, నాలుగు గింజలు అడిగి తీసుకుని, వాసన చూసి, ఒకటి నోట్లో వేసుకుని నమిలింది.

"ఉప్పు జర ఎక్కువున్నది చెల్లె."

నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాను. వారం తిరిగేసరికి బ్రూనో కుండెడు కుండెడు నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

కోళ్ల దాణా అమ్మే భాయ్ వారానికోసారి హన్మకొండ నుంచి కుక్కల తిండి కూడా తెచ్చేవాడు. ఇద్దరం కలిసే పోయేవాళ్లం. ఏది మంచిదని అడిగితే, అన్నీ ఒకటే, కవరే వేరన్నట్టు, "దోనో ఏకీచ్ హై భాభీ, కవర్ బదల్‌గయా" అనేవాడు. నేను అన్నింట్లోకి ఖరీదైన సంచి తెచ్చుకునేదాన్ని. అక్క మూడు రకాల చిన్న ప్యాకెట్లు తెచ్చి వాటికి పరీక్ష పెట్టేది. మూడు గిన్నెల్లో నీళ్లు పోసి నానబెట్టేది. నీళ్లకు రంగు దిగిన రకం అవతలికి. "రంగు కుక్క కోసం ఎయ్యలే, మన కండ్ల కోసం ఏసిన్రు" అనేది. ఎంతసేపు నానినా రాయిలా ఉండే రకం కూడా అవతలికే. నెగ్గినదాన్ని రెండు రోజులు పెట్టి, మూడో రోజు పొద్దున కట్టెపుల్ల పట్టుకుని గోడ వెనక్కి పోయి బొగ్గోడు కూర్చున్న చోటు పరిశీలించి వచ్చేది.

"మూతి అబద్ధం చెప్తది చెల్లె. నిజం పెంటకాడ తెలుస్తది."

ముక్కు మూసుకుని నవ్వేదాన్ని గాని, ఆరు నెలలకు బొగ్గోడి ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడింది. మా బ్రూనో గోడకు ఒళ్లు రుద్దుకుంటూ గోక్కునేవాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేది లారీ కింద దొరికినవాణ్నే. జాతికుక్క నాది, మెప్పు ఆమెది. నేను కోడిమాంసం సంచి మార్చి గొర్రెమాంసం సంచి, అది మార్చి చేపల సంచి తెచ్చాను. కొత్త సంచి విప్పినప్పుడల్లా బ్రూనో రెండు రోజులు ఆశగా తినేవాడు. మూడో రోజు మూతి తిప్పుకుని అక్క ఇంటికి పోయేవాడు. అక్కడ గిన్నె అడుగు నాకే చప్పుడు నాకు వంటింట్లోకి వినబడేది.

ఒకరోజు ఉండబట్టలేక, వాడు ముట్టని నా సంచిలోని గింజలనే తీసుకుపోయి అక్క గిన్నెలో పోశాను. వాడు ఒక్క గింజ మిగల్చకుండా తిన్నాడు. తప్పు సంచిది కాదని ఆ రోజు తేలిపోయింది. అంతకు ముందైతే సంచిని తిట్టుకునే వీలన్నా ఉండేది.

"వానికి ఏం మందు పెట్టినవక్కా?" అని అడిగాను. గొంతులో ఎకసెక్కెం నాకే వినిపించింది.

ఆమెకు కోపం రాలేదు. "నువ్వు పెట్టేదే నేను పెడ్తున్న. గాని నువ్వు గిన్నె పెట్టి వాని మూతి మీదనే కండ్లు ఏస్కొని కూసుంటవు. తింటుండా, తింటలేడా, ఎంత తిన్నడు అని. తినేటోని మూతి సూడొద్దు చెల్లె, దిష్టి తాకుతది. గిన్నె పెట్టు, అటు మళ్లి కూసో. గంతే."

ఆమె చేసేది అదే. గిన్నె కింద పెట్టి, కుక్కకు వీపు పెట్టి కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేది. నేనూ మర్నాడు అట్లాగే కూర్చున్నాను. పది చిక్కుడుకాయలు ఒలిచానో లేదో తిరిగి చూశాను. బ్రూనో తినడం ఆపి నా వంక చూస్తున్నాడు.

అంతలో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. గనులు బంద్, బస్సులు బంద్, బడులు బంద్. మొగవాళ్లంతా టెంట్లలో కూర్చున్నారు. మేం మెయిన్ రోడ్డు మీద వంటావార్పుకు పోయాం. నడిరోడ్డులో పొయ్యిలు పెట్టి వండి, బండ్లు కదలకుండా అక్కడే కూర్చుని తినడం. అక్క ఇంట్లోని అన్నం వండే పెద్ద గంజు నెత్తిన పెట్టుకుని వచ్చింది. వెనక బొగ్గోడు, మెడకు జై తెలంగాణ అని రాసిన గుడ్డపేలిక. వాడి వెనక మా బ్రూనో.

చదువుకున్నదాన్నని అక్కడి టెంటులో ముందు మైకు నాకిచ్చారు. పుస్తకం చదివినట్టు మాట్లాడాను. జనం మర్యాదగా విన్నారు. తర్వాత అక్క మైకు పట్టుకుని, "మా బొగ్గు మాకు గావాలె!" అని ఒక్క కేక వేసింది. తన పేరు పిలిచారనుకుని బొగ్గోడు లేచి భౌమన్నాడు. టెంటు టెంటంతా నవ్వులు, చప్పట్లు. ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ నచ్చవు.

సమ్మె సాగినకొద్దీ భాయ్ దగ్గర సరుకు నిండుకుంది. "బండ్లు బంద్ భాభీ, కహాఁసే లాఊఁ" అని, తెచ్చే దారి లేదన్నట్టు చేతులు చూపించాడు. మా ఇంట్లో మాత్రం ఒక సంచి ఉన్నది. అక్క పరీక్షలు మూడింట్లోనూ నెగ్గిన రకమే. జీతాల్లేని రోజుల్లో కుక్కలకు సంచి తిండి ఉన్నదంటే నలుగురూ ఏమంటారోనని దాన్ని వంటింటి సజ్జ మీద దాచాను.

వంటావార్పులో ఎవరో పెట్టిన కారం కూర తిని బొగ్గోడు పడకేశాడు. రేగొండ పశువుల దవాఖానకు బండి మీద తీసుకుపోయి సూది వేయించారు. మెత్తటి తిండి పెట్టమన్నారు. పెరుగన్నం, జావ, ఏది పెట్టినా కక్కేశాడు. మూడో రోజుకు లేవలేకపోయాడు. అక్క మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"చెల్లె, మొన్నటి సంచిల ఏమన్న మిగిలిందా? అది నానబెడితే వానికి పడ్తది. పిడికెడున్నా సాలు."

"అయిపోయిందక్కా" అన్నాను.

ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. ఆ మధ్యాహ్నమే బ్రూనో టెంట్లో ఆమె ఒడిలో తల పెట్టి నిద్రపోయాడు. అంతమందిలో నేను పిలిస్తే చెవి కూడా ఆడించలేదు. అక్క "అట్లనా" అని వెనక్కి తిరిగింది. గోడ పట్టుకుని నడిచిందని ఆమె పోయాక గుర్తించాను.

పొద్దుగూకుతుండగా మళ్లీ వచ్చింది. గుప్పిట్లో రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు. "దిష్టి తియ్యాలె, జర రా చెల్లె. సొంతోళ్లు తీస్తే పోదంటరు. నీ చెయ్యి సల్లన."

కాదనలేకపోయాను. బొగ్గోడు గోనెపట్టా మీద పడి ఉన్నాడు. ఆ నల్లని మెరుపు ఏమైపోయిందో, బూడిదలో దొర్లినట్టున్నాడు. గుప్పిలి వాడి చుట్టూ తిప్పుతూ చిన్నప్పుడు మా అవ్వ అనే మాటలే అన్నాను. "ఊరి దిష్టి, వాడ దిష్టి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..." పొరుగు అన్నచోట గుప్పిలి తిప్పడం ఆపాను. గోడ కాక నేను తప్ప ఆమెకు ఇంకో పొరుగు లేదు కదా. మూడుసార్లు తిప్పి మిరపకాయలు పొయ్యిలో వేశాను.

మిరపకాయలు కాలితే ఘాటుకు దగ్గు రావాలి. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలిందని అర్థం. ఇద్దరం పొయ్యి ముందు కూర్చున్నాం. కాయలు నల్లగా మాడిపోయాయి. ఎవరికీ దగ్గు రాలేదు.

అక్క మాడిన కాయలను పుల్లతో కదిపింది. "ఎవలి కండ్లో పాపం, ఎంత ఆకలి మీదున్నయో" అన్నది.

తిడితే బాగుండేది. తెల్లవారగానే సజ్జ మీది సంచి దించి ఆమె ఇంటికి మోసుకుపోయాను. "రేగొండ నుంచి మా ఆయన దోస్తు బండి మీద తెచ్చిండక్కా" అన్నాను. అది రెండో అబద్ధం. అక్క సంచిని ఒడిలోకి తీసుకుని, దాని మీద అంటుకున్న బూజును కొంగుతో తుడిచింది. ఎవరి బండి మీదా అంత బూజు ఉండదు. "మంచోడు మీ ఆయన దోస్తు" అని రెండు గిన్నెలు తెచ్చింది. ఒకటి బొగ్గోడికి, ఒకటి బ్రూనోకు. వారంలో బొగ్గోడు లేచి తిరిగాడు. "మా చెల్లె లేకుంటే వీడు దక్కకపోతుండె" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నది. ఆ మెప్పు మాత్రం నాకు వద్దనిపించింది.

ఆమెకు తెలుసా? ఎన్నోసార్లు అడగబోయాను. గిన్నె పెట్టి వీపు తిప్పుకుని కూర్చునే ఆ మనిషి, నా విషయంలోనూ అట్లాగే కూర్చున్నదేమోనని ఇప్పుడు అనిపిస్తున్నది.

అక్క పోయాక బొగ్గోడు తిండి మానేశాడు. నీళ్లు మాత్రం పెట్టాను, తాగాడు. భాయ్ దగ్గరికి పోయి మూడు రకాలు తెచ్చి, మూడు గిన్నెల్లో నానబెట్టి, వాడి ముందు పెట్టి కూర్చున్నాను. ముట్టలేదు.

మూడో రోజు వాగు ఒడ్డున పిట్టకు పెట్టారు. ఆకులో అక్కకు ఇష్టమైన మక్కగారెలు, బోటికూర, ఒక గ్లాసులో చాయ. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. చనిపోయినవాళ్ల మనసులో ఏదో మిగిలితే పిట్ట ముట్టదంటారు. "నేను సదువు ఇడిసిపెట్టనే అమ్మా" అన్నది అక్క బిడ్డ. దిగలేదు. "తెలంగాణ వస్తది తియ్, ఇయ్యాల గాకుంటే రేపు. నీకేం రంది? ముట్టు" అన్నాడు బావ. అప్పటికీ దిగలేదు.

బొగ్గోడు మా వెనకే వచ్చి పది అడుగుల దూరంలో పడుకున్నాడు, పక్కన బ్రూనో. నా కొంగుముడిలో పిడికెడు గింజలున్నాయి. అక్క ఆకు పక్కన ఇంకో ఆకు పరిచి అందులో పోశాను.

"అందరు అటు మళ్లుండ్రి" అన్నాను. "తినేటోని మూతి సూడొద్దని అక్క చెప్తుండె."

ఏమనుకున్నారో ఏమో, బావ ముందు తిరిగాడు. తర్వాత అందరూ వాగు వైపు తిరిగి నిలబడ్డారు. నేనూ తిరిగాను. పెదవి కదలకుండా, "అక్కా, ఆ సంచి రేగొండ నుంచి రాలే. మా సజ్జ మీదనే ఉండె" అన్నాను.

కాసేపటికి వెనక ఆకు కదిలింది. తర్వాత కరకరమని నమిలే చప్పుడు. కాకి అట్లా నమలదు. మక్కగారెకైనా, ఎండు గింజకైనా చప్పుడు ఒకటే. బొగ్గోడు ముందు ఏ ఆకు ముట్టాడో, ఆమెదో నాదో, చూడాలని మెడ గుంజింది.

నేను తిరగలేదు.