ఇరవై ఆరో రోజు సబ్బులు

మా చిన్నమ్మ, అంటే అమ్మకు స్వయానా చెల్లెలు, పుదుచ్చేరి నటేశన్ నగర్‌లోని తన ఇంటి వెనుక గదిలో సబ్బులను తిరగేస్తూ ఒక మంగళవారం మధ్యాహ్నం కన్నుమూసింది. చెక్క అరల మీద మూడు వరుసల సబ్బులున్నాయి. రెండు వరుసలు తిరగేసి, మూడోదాని ముందు స్టూలు మీద కూర్చుంది. గుండె ఆగిందని డాక్టరు ధ్రువీకరించాడు. మూడో వరుస గురించి ఆయన ఏమీ రాయలేదు.

ఆ గది ఒక సంస్థ. యజమాని, కార్మికురాలు, నాణ్యతాధికారి అన్నీ చిన్నమ్మే. రవాణా విభాగం చిన్నాయన స్కూటరు. విశ్వవిద్యాలయ పట్టా ఉన్నందున లేబుళ్లు, ఉత్తర ప్రత్యుత్తరాలు, సలహాలు నా శాఖ కిందికి వచ్చాయి. జీతం లేని పదవికి బాధ్యత కూడా ఉండదనే అపోహలో చాలాకాలం పనిచేశాను.

సంస్థకు నియమం ఒక్కటే. కొబ్బరినూనె, ఆముదం, వేపాకు పొడి, కాస్టిక్ సోడా కలిపి పోసిన సబ్బు నలభై రెండు రోజులు అర మీద ఆరాలి. ఆ తరువాత చిన్నమ్మ దాన్ని నాలుక కొనకు తాకించేది. చురుక్కుమంటే మళ్ళీ అర మీదికే. తొందరపెట్టిన వాళ్ళతో, "సగం పని నేను చేస్తా. తక్కిన సగం అదే చేసుకుంటాది. మనం అడ్డం పోకూడదు" అనేది. లైసెన్సు దరఖాస్తులో 'పరీక్షా సాధనం' అన్న గడికి ఆమె చెప్పిన జవాబు "నాలుక". అలాగే రాశాను. సాధనం తయారీదారు వివరాలు జతచేయవలసిందని కాగితం తిరిగివచ్చింది.

"మా అమ్మ పేరు రాయి," అంది చిన్నమ్మ.

ఫిర్యాదులకు కొదవ లేదు. నురగ చాలదు. వాసన చాలదు. వేప సబ్బుకు ఈ మట్టి రంగేమిటి? "కెమికల్ లేదు కదా?" అని అడిగిన వాళ్ళకు ఆమె నిజం చెప్పేది. "కాస్టిక్ సోడా ఉండాదమ్మా. అది వద్దంటే ఉత్త నూనె పూసుకొని పో." అమ్మకం అక్కడితో ముగిసేది. కురుచికుప్పంలో చేపలమ్మే ఒకామె మాత్రం ఏళ్ళ తరబడి వచ్చింది. చేపలు కోసిన చేతులు ఆ సబ్బుతో కడిగి, ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, ఏమీ అనకుండా రెండు సబ్బులు పట్టుకుపోయేది. ఆ మౌనాన్ని చిన్నమ్మ ప్రయోగశాల నివేదికగా పరిగణించేది.

"నేను పోయినా నా సబ్బుతోనే నీళ్ళు పోయండి. అంగడి సబ్బు పూస్తే లేచి కూర్చుంటా," అనేది. మేము నవ్వేవాళ్ళం.

ఈ వేసవిలో బీచి దగ్గరి పెద్ద దుకాణం ఒకటి, ఆరిన సరుకంతా తీసుకుంటామంది. చిన్నమ్మ సబ్బులకు కాగితం చుట్టేది. నా శాఖ తరఫున నేను మెరిసే ప్లాస్టిక్ చుట్టమన్నాను.

"దానికి ఊపిరాడొద్దారా?"

"చూడ్డానికి బాగుంటుంది చిన్నమ్మా."

"చదువుకున్నోడివి. సరి, చుట్టు."

ఆ సముద్రపు గాలి తేమకు ప్లాస్టిక్ లోపల సబ్బులన్నీ చెమటపట్టాయి. 'ఏడుస్తున్న సరుకు' అన్న చీటీతో పెట్టెలన్నీ తిరిగివచ్చాయి. చిన్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తన వాడకానికి దాచుకున్న ముక్కలతో సహా అంతా తురిమి, కొత్త నూనె, సోడా చేర్చి కరిగించి, మళ్ళీ అచ్చుల్లో పోసింది. క్యాలెండరులో ఒకటో రోజని గీత పెట్టింది. ఆ క్షమకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణే. అందినట్టు రసీదు మాత్రం ఇవ్వలేకపోయాను.

ఆమె పోయింది ఇరవై ఆరో రోజున.

చివరి స్నానానికి అమ్మ వెనుక గదిలోంచి ఒక సబ్బు తెచ్చింది. చిన్నాయన గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"అది ఇంకా కాలేదు వదినా."

"నోరు తెరిచి అడిగింది కదప్పా. దాని సబ్బే పూయమనింది."

"పచ్చి సబ్బు ఎవురికీ ఇయ్యలేదు అది. ఒళ్ళు మండుతాదని."

"ఇంక దానికి మంటేంది?"

చిన్నాయన అమ్మ చేతిలోంచి సబ్బు తీసుకొని నాలుకకు తాకించాడు. ముఖం చిట్లించాడు. "చురుక్కుమంటా ఉండాది," అని, తీసుకెళ్ళి తీసిన చోటే పెట్టాడు. అక్కడే నిలబడి, మిగిలిపోయిన మూడో వరుస తిరగేశాడు.

ఇల్లంతా సబ్బులే ఉండగా వీధి మూలన ఉన్న అంగడికి వెళ్ళి సబ్బు కొనే పని నాకు పడింది. న్యాయమే. అంగడివాడు గులాబీ రంగుది ఇచ్చాడు. 'ప్రకృతి సుగంధం' అని దాని మీద అచ్చు. అదే పూశారు.

చిన్నమ్మ లేచి కూర్చోలేదు.

పదహారో రోజు కర్మ నాటికి సబ్బులకు నలభై రెండు నిండాయి. వరుసకొకటి చొప్పున నాలుకకు తాకించి చూశాను. ఏదీ కుట్టలేదు. కురుచికుప్పం ఆమె వచ్చి, ఏమీ అనకుండా, రెండు పట్టుకుపోయింది.

గులాబీ సబ్బును చివరి స్నానం నాడే పారేయవలసింది. ఎవరో పెరటి గోడ మీద పెట్టి మరిచారు. ఇంకా అక్కడే ఉంది. సముద్రపు గాలికి చెమటపట్టలేదు. ఒక్కసారే వాడినది కనుక దాని మీది అక్షరాలు అరగలేదు.