గ్లాసులో కరగని మాత్ర

2023 వేసవి. ధర్మవరంలో చేనేత ఇళ్ల నడుమ ఉన్న మెడికల్ షాపులో నేను ఫార్మసిస్టుగా చేరి అప్పటికి పదకొండేళ్లు. ఒక ఉదయం మగ్గం నేసే నాగప్ప గాజుగ్లాసు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. నీళ్ల అడుగున, ఆయన భార్య కోసం నేనిచ్చిన బీపీ మాత్ర చెక్కుచెదరకుండా ఉంది.

“ఏమప్పా, ఇది మాత్రనా, గులకరాయా? నిన్న పొద్దున ఏసినా, ఇంగా కరగలే.”

“నీళ్లల్లో ఎందుకేసినావన్నా?”

“పట్టుకు అద్దిన రంగు నిలుస్తాదా పోతాదా అని మేం నీళ్లల్లో ఏసే కదా చూసేది! మా ఆమె మూడు దినాలు మింగితే మూడూ అట్లే బయటికొచ్చినాయి.”

నాకు నవ్వొచ్చింది. అది ఎక్స్‌టెండెడ్ రిలీజ్ మాత్ర, అంటే మందును రోజంతా కొద్దికొద్దిగా వదిలేది. పైపొర పాలిమర్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం. దాని నిండా కంటికి కనిపించని రంధ్రాలు. వాటి గుండా నీరు లోపలికి పోతుంది, మందు కరిగి మెల్లగా బయటికి ఊరుతుంది. ఖాళీ గుల్ల మాత్రం కరగకుండా మలంలో పోతుంది. నా డిప్లొమా పుస్తకంలో ఈ రంధ్రాల సంగతి ఒక్క వాక్యమే. మిగతాది శాఖా గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక లావుపాటి పుస్తకంలో నెలరోజులు చదివి తెలుసుకున్నాను. చెప్పే అవకాశం దొరికిందని ఉత్సాహంగా మొదలుపెట్టాను.

నాగప్ప మధ్యలోనే ఆపాడు. “అదంతా నాకెందుకులే. పని చెయ్యని మూడు దినాలకూ కలిపి మూడు మాత్రలు మా ఆమె రోట్లో నూరింది. మజ్జిగలో కలుపుకోని తాగుతానంది.”

నూరితే ఇక రంధ్రాల పొర ఉండదు. మూడు రోజుల మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

“ఫోన్ చెయ్యన్నా! తాగొద్దని చెప్పు!”

“ఇంట్లో ఉండేదే ఒక ఫోను. అది నా జేబులో ఉండాది.”

షట్టర్ దించి, ఆయన్ను బండెక్కించుకుని పోయాను. ఆయన భార్య లక్ష్మమ్మ మగ్గం మీదికి వంగి ఉంది. పక్కన మజ్జిగ గ్లాసు.

“తాగినావా వదినా?”

“యాడ తాగేది? పోగులు తెగినాయి. అతికినాక తాగుదామని పెట్టినా. ఏమైందబ్బా, అట్ల ఆయాసపడతాండావు?”

గ్లాసు కాలవలో వంచేసి, అక్కడే గడప మీద కూలబడ్డాను. సంగతి విన్నాక ఆమె భర్త వైపు తిరిగింది.

“నీళ్లల్లో ఏసి చూడంది ఈయప్ప దేన్నీ నమ్మడు. పెండ్లికి ముందు నన్నూ నానబెట్టి చూసినాడేమో!”

నాగప్ప కూడా నవ్వాడు. డాక్టరుకు ఫోన్ చేసి అడిగితే, మర్నాటి నుంచి రోజుకొకటి మామూలుగా మింగమన్నాడు.

నాగప్ప అనుమానంలో తప్పు లేదు. తప్పు నాదే. నెలరోజులు చదివినవాణ్ణి, మాత్ర చేతికిచ్చేటప్పుడు “గుల్ల బయటికొస్తుంది, మందు ఒంట్లోనే ఉండిపోతుంది, నూరొద్దు” అని ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పుడు ఆ మాట చెప్పకుండా అలాంటి మాత్రను కౌంటర్ దాటనివ్వను. “పోయిన నెలా ఇదే చెప్తివి, తెలుసులేప్పా” అని కొందరు విసుక్కుంటారు. వాళ్లు విసుక్కున్న రోజు నాకు హాయిగా నిద్ర పడుతుంది.